సీరియల్లో గుట్టు ఎలా దాచాలి, ఇంట్లో గొడవ ఎలా రాజెయ్యాలి

సీరియల్ రాద్దామని వచ్చే పిల్లలు నన్ను ఎక్కువగా అడిగేది ట్విస్ట్ గురించే. "అక్కా, మంచి సీక్రెట్ ఒకటి ఉంది, పురిట్లోనే బిడ్డలు మారిపోయారు, ఎప్పుడు రివీల్ చేస్తే బాగుంటుంది?" అంటారు. రివీల్ సంగతి తర్వాత, ముందు ఆ విషయం తెలిసిన మనిషి ఎవరో చెప్పు, ఆ మనిషి రోజూ పొద్దున్నే లేచి అదే ఇంట్లో ఆ పిల్లల మొహాలు చూస్తూ ఎలా తిరుగుతోందో చెప్పు అంటా. చాలామంది అక్కడే ఆగిపోతారు. గుట్టు గురించి ఆలోచించారు గానీ దాన్ని మోసే మనిషి గురించి ఆలోచించలేదు మరి.

డైలీ సీరియల్ అంటే వారానికి 6 ఎపిసోడ్ల లెక్కన ఏడాదికి 312. గుట్టు రట్టయ్యేది ఒక్క ఎపిసోడ్లో, మహా సాగదీస్తే ఒక వారంలో. మిగతా రోజులన్నీ జనం చూసేది దాచడాన్నే. అందుకే నేను ఎవరికి చెప్పినా ముందు ఇదే చెప్తా, గుట్టు బయటపడటం మీద కాదు దాన్ని మోయడం మీద పని చెయ్యండి అని. ఆ బరువు మొయ్యలేక మనిషి ఎక్కడెక్కడ తడబడుతుందో అదంతా మీకు సీన్లే.

ముందు గొడవ, తర్వాతే గుట్టు

కొత్తగా రాసేవాళ్ళు ముందు గుట్టు ఆలోచించి దాని చుట్టూ కుటుంబాన్ని అతికిస్తారు. నేను తిరగేసి చేస్తా. ముందు ఆ ఇంట్లో ఇద్దరు దేనికోసం కొట్టుకుంటున్నారు అనేది తేల్చుకుంటా. ఇక్కడ ఒక్కటి గుర్తుపెట్టుకోండి, పంచుకోగలిగిన దానికోసం వచ్చిన గొడవ ఎక్కువ రోజులు నడవదు. ఆస్తి గొడవ అంటారు చాలామంది, ఆస్తిదేముంది, నలుగురు పెద్దమనుషులు కూర్చుని సగం సగం రాసేస్తే అయిపోతుంది, ప్రేక్షకులకి కూడా ఆ సంగతి తెలుసు, "పంచేసుకోవచ్చుగా" అని విసుక్కుంటారు. పంచడానికి వీల్లేనిది కావాలి. నాన్నకి ఎవరంటే ఎక్కువ ఇష్టం, ఈ ఇంట్లో ఎవరి మాట చెల్లుతుంది, అమ్మ చివరి రోజుల్లో ఎవరి పేరు పిలిచింది, ఇవి పంచలేం. ఆస్తి, కంపెనీ, ఇంటి తాళాలు ఇవన్నీ పైకి కనిపించే సాకులు, లోపల అసలు సరుకు ఇది.

ఇంకోటి, ఇద్దరిదీ న్యాయమే అయ్యుండాలి. ఒకరు దేవత ఒకరు రాక్షసి అయితే మూడో వారానికి గొడవ చచ్చిపోతుంది, ఎందుకంటే ఎవరు గెలవాలో అందరికీ తెలిసిపోయింది. దీనికి నేనొక పరీక్ష పెట్టుకున్నా. ఇద్దరి తరఫునా చెరో పేజీ రాస్తా, మొదటి పేజీలో అక్క మాట్లాడుతుంది, చెల్లి మీద తనకున్న కోపం అంతా కక్కేస్తుంది, చదివితే పాపం అక్కదే న్యాయం అనిపించాలి. తర్వాత పేజీలో చెల్లి. అది చదివాక మొదటి పేజీ మీద అనుమానం రావాలి. రెండో పేజీ రాస్తుంటే చెయ్యి ఆగిపోతోందంటే ఆ పాత్ర మీకింకా అర్థం కాలేదని, ఎపిసోడ్లు మొదలుపెట్టొద్దు.

అసలు ఈ రకం కథలు పుట్టిందే ఇంట్లోంచి. 1930లో షికాగో రేడియోలో ఇర్నా ఫిలిప్స్ అనే ఆవిడ, అంతకుముందు టీచర్‌గా చేసినావిడ, రోజూ 15 నిమిషాల పాటు ఒక వితంతు తల్లి, ఆవిడ పిల్లల కథ నడిపింది. గుర్రాలు లేవు, హత్యలు లేవు, తల్లి మాట పిల్లలు వింటారా వినరా అనేదే కథ. తర్వాత సబ్బుల కంపెనీలు ఇలాంటి కథలకి డబ్బులు పెట్టడంతో వాటికి సోప్ అనే పేరే వచ్చేసింది. ఆవిడే 1937లో రేడియోలో మొదలుపెట్టిన ఇంకో కథ టీవీకి మారి 2009 దాకా నడిచింది, 72 ఏళ్ళు. అన్నేళ్ళు నడిచిందంటే ట్విస్టుల వల్ల కాదు, ఏ ట్విస్ట్ 72 ఏళ్ళు ఆగుతుంది చెప్పండి. ఇంట్లో మనుషుల మధ్య తెగని లెక్క ఏదో ఒకటి మిగిలి ఉండబట్టే నడిచింది.

ఒక ఉదాహరణ పెట్టుకుందాం

ఊరికే సూత్రాలు చెప్తే తలకెక్కవు కాబట్టి ఒక కథ అనుకుందాం, గైడ్ అంతా దీన్నే పట్టుకుని పోదాం. ఒక ప్రింటింగ్ ప్రెస్ ఉన్న కుటుంబం. తండ్రి పోయాడు. పెద్దకొడుకు చదువు మధ్యలో మానేసి ప్రెస్‌లో కూర్చున్నాడు, తండ్రి చేసిపోయిన పెద్ద అప్పు పదిహేనేళ్ళుగా తీరుస్తూనే ఉన్నాడు. చిన్నకొడుకు పైచదువులకి వెళ్ళి బాగా స్థిరపడి ఇప్పుడు తిరిగొచ్చాడు. వాడికి నాన్నంటే దేవుడు. పెద్దవాడికి నాన్న పేరెత్తితే మంట, నా బతుకు తాకట్టు పెట్టి పోయాడు అంటాడు. ఇదీ గొడవ. పైకి ప్రెస్ అమ్మాలా వద్దా అని కొట్టుకుంటారు, లోపల కొట్టుకునేది నాన్న ఎలాంటివాడు అనే దానికోసం.

ఇప్పుడు గుట్టు. ఆ అప్పు తండ్రి చెయ్యలేదు. చిన్నవాడి చదువు ఆగిపోతుందని తల్లి, తండ్రి సంతకం తనే పెట్టి ఇల్లు తాకట్టు పెట్టింది. ఆవిడకి తోడు సాక్షి సంతకం పెట్టింది ఆవిడ తమ్ముడు, అంటే పిల్లల మేనమామ. తండ్రికి చివరిదాకా తెలియదు.

గుట్టు, గొడవ ఒకే ముడిలోంచి వచ్చాయి గమనించండి. నిజం బయటికొస్తే పెద్దవాడి కోపానికి ఆధారం పోతుంది, చిన్నవాడి ఎదుగుదల కింద అన్న బతుకు నలిగిందని తేలుతుంది, తల్లి ఇద్దరికీ దోషి అవుతుంది. ముగ్గురికీ ఏదో ఒకటి పోతుంది. మీ కథలో గుట్టు బయటపడితే ఎవరికి ఏం పోతుందో వరసగా రాయండి, ఒక్కరికే పోయేటట్టుంటే ఆ గుట్టు చిన్నది, నెల రోజుల ట్రాక్‌కి సరిపోతుందేమో గానీ సీరియల్‌కి వెన్నెముక కాదు. పెద్ద సంబంధం లేకుండా ఎక్కడో జరిగిన హత్యని తెచ్చి ఇంట్లో పెడితే జనం కాసేపు భయపడతారు, అంతే, ఆ ఇంటి గొడవకి దాంతో పని లేదు కదా.

ఎవరికి తెలుసు పుస్తకం

ఇది మాత్రం నా మాట విని చెయ్యండి. ఒక నోట్‌బుక్ తీసుకుని గుట్టుకో పేజీ కేటాయించండి. ఎడమ పక్క పాత్రల పేర్లు, వాటి పక్కన మూడు గళ్ళు. ఏం తెలుసు, ఏ ఎపిసోడ్‌లో తెలిసింది, తెలిశాక ఎందుకు చెప్పలేదు. ఈ మూడో గడే ప్రాణం.

మన కథకి నా పేజీ ఇలా ఉంటుంది. తల్లి, మొత్తం తెలుసు, కథకి ముందు నుంచే, చెప్తే పిల్లలిద్దరూ కొట్టుకుని పెద్దకొడుకు ఇల్లు వదిలి పోతాడని భయం. మేనమామ, సంతకం సంగతి తెలుసు, కానీ అప్పు ఇంకా తీరలేదని తెలియదు, ఎపిసోడ్ 35లో తెలుస్తుంది, చెప్పకపోవడానికి కారణం అక్కకిచ్చిన మాట. పెద్దకోడలు, ఎపిసోడ్ 80లో పాత కాగితం దొరుకుతుంది, సంతకం మామగారిది కాదని మాత్రమే తెలుస్తుంది, ఎవరిదో తెలియదు, చిన్నవాడిదే అనుకుంటుంది, చెప్పకపోవడానికి కారణం మొగుడికి తెలిస్తే తమ్ముణ్ణి ఏం చేస్తాడో అని. చిన్నకోడలు, ఎపిసోడ్ 120, తోడికోడలు ఏదో దాస్తోందని తెలుసు, ఏంటో తెలియదు. పెద్దకొడుకు, ఖాళీ. చిన్నకొడుకు, ఖాళీ.

చూశారా, పెద్దకోడలు సగం నిజం తెలుసుకుని తప్పు లెక్క వేసుకుంది. ఇప్పుడు ఆవిడ మరిదిని చూసే చూపు మారిపోతుంది, ఆ పిల్లాడికి ఎందుకో అర్థం కాదు, తోడికోడలు అది గమనించి తన మొగుణ్ణి ఈవిడ అవమానిస్తోందని పగ పెంచుకుంటుంది. కొత్త గొడవ పుట్టడానికి ఏ విలనూ రాలేదు, సగం కాగితం చాలింది. గుట్టు తెలిసిన ప్రతి కొత్త మనిషీ దాన్ని బయటపెట్టేవాళ్ళు కాకుండా ఇంకోరకంగా దాచేవాళ్ళు అయినప్పుడు కథ దానంతటది నడుస్తుంది. ఒక్కొక్కరికీ ఒక్కో సొంత కారణం, అందులో కొన్ని ప్రేమ, కొన్ని భయం, కొన్ని స్వార్థం.

ఈ పుస్తకం లేకపోతే ఏమవుతుందో నాకు బాగా తెలుసు. నేను మొదట్లో పనిచేసిన ఒక సీరియల్లో ఒక పిన్ని పాత్ర తలుపు చాటున నిలబడి మొత్తం వినేసే సీన్ ఎపిసోడ్ 40ల్లో ఎక్కడో ఉంది. రాసేవాళ్ళు మారారు, నేను మధ్యలో చేరాను, వెనకటి ఎపిసోడ్లు అన్నీ చూడకుండా సమ్మరీ చదివి మొదలెట్టాను, 190ల్లో అదే పిన్ని ఆ విషయం విని గుండె పట్టుకుని సోఫాలో కూలబడినట్టు రాసేశాను. టెలికాస్ట్ అయిన రోజే చూసేవాళ్ళు పట్టేసుకున్నారు. ఆ రాత్రంతా నిద్ర పట్టలేదు, అన్ని నెలలు మమ్మల్ని నమ్మి గుర్తుపెట్టుకున్నవాళ్ళకి మేమే గుర్తుపెట్టుకోలేదు. ఆ మర్నాడే నోట్‌బుక్ కొన్నాను, ఇప్పటికీ ప్రతి షోకి కొత్తది కొంటా.

చూసేవాళ్ళకి ఎప్పుడు చెప్పాలి

ఇక్కడ రెండు దారులున్నాయి. ప్రేక్షకులకి కూడా తెలియకుండా దాచి ఒక్కసారి పేల్చడం, లేదా ప్రేక్షకులకి ముందే చెప్పేసి పాత్రలకి మాత్రం దాచడం.

మొదటి దానికి ప్రపంచం మొత్తానికి తెలిసిన ఉదాహరణ డాలస్ అనే అమెరికా సీరియల్. 1980 మార్చి 21న జే.ఆర్. అనే పెద్దమనిషిని ఎవరో కాల్చేశారు, అక్కడ సీజన్ ఆపేశారు. కాల్చింది ఎవరో చెప్పింది నవంబర్ 21న. మధ్యలో నటుల సమ్మె వచ్చి ఇంకా ఆలస్యమైంది, ఆ ఎనిమిది నెలలూ జనం దాని గురించే మాట్లాడుకున్నారు. లీక్ కాకుండా ఉండటానికి చాలామంది ఆర్టిస్టులతో కాల్చే సీన్ విడివిడిగా తీసి పెట్టుకున్నారు కూడా. చివరికి తేలింది ఆయన మరదలే అని, అంటే భార్య చెల్లెలు. ఇంటి మనిషే. బయటి మనిషి ఎవడో వచ్చి కాల్చి ఉంటే ఆ ఎనిమిది నెలల ఎదురుచూపు నీరుగారిపోయేది.

రెండో దానికి బ్రిటన్ సీరియల్ ఈస్ట్‌ఎండర్స్. అది 1985 ఫిబ్రవరిలో మొదలైంది, అందులో పదహారేళ్ళ అమ్మాయి గర్భవతి అవుతుంది, తండ్రి ఎవరో చెప్పదు. కొన్ని నెలలు ఊరించి అదే ఏడాది ప్రేక్షకులకి చెప్పేశారు, ఆ అమ్మాయి ప్రాణస్నేహితురాలి తండ్రే అని. కానీ ఆ స్నేహితురాలికి తెలియడానికి ఏళ్ళు పట్టింది. ఆ ఏళ్ళన్నీ వాళ్ళిద్దరూ పక్కపక్కన కూర్చుని నవ్వుకుంటున్న ప్రతి సీనూ చూసేవాళ్ళకి గుచ్చుకుంటూనే ఉంటుంది.

నాకు రెండోదే ఇష్టం, డైలీకి అదే పనికొస్తుంది. ఎందుకంటే రోజూ చూసేవాళ్ళకి ఏమీ తెలియకపోతే తల్లి కళ్ళు తుడుచుకోవడం ఉత్త ఏడుపులాగే కనిపిస్తుంది. తెలిస్తే? పెద్దకొడుకు భోజనాల దగ్గర "ఆయన చేసిన అప్పు" అని అనగానే తల్లి లేచి మంచినీళ్ళకని లోపలికి వెళ్ళిపోతుంది, అంతే, ఒక్క డైలాగ్ లేదు, జనం గుండె పట్టుకుంటారు. నేనైతే మొదటి నెలలో ప్రేక్షకులకి అప్పు తండ్రిది కాదు అనే అనుమానం కలిగిస్తా, రెండో నెల చివర్లో తల్లే చేసిందని చెప్పేస్తా, కానీ మేనమామ సంగతి మాత్రం దాచిపెడతా. పెద్దది చెప్పేసి చిన్నది దాచుకోవడం అన్నమాట, ఎప్పుడూ జేబులో ఒకటి మిగలాలి.

గోడ మీద ఫోటో

క్లూ ఎలా పెట్టాలి అంటే, అందరికీ కనిపించే చోట, వేరే పని మీద పెట్టాలి. మన కథలో హాల్లో గోడ మీద ఒక ఫోటో ఉంటుంది. చిన్నవాడు పైచదువులకి బయల్దేరడానికి కొన్ని రోజుల ముందు గుమ్మంలో తీసింది. తండ్రి కొడుకు భుజం మీద ఎడమ చెయ్యి వేసి నవ్వుతున్నాడు. చిన్నవాడికి ఆ ఫోటో ప్రాణం, ఇంటికొచ్చిన మొదటి రోజే దాని ముందు నిలబడి కళ్ళనీళ్ళు పెట్టుకుంటాడు. పెద్దవాడు దాని వైపు చూడడు. అంటే మొదటి ఎనభై ఎపిసోడ్లూ ఆ ఫోటో పని గొడవని చూపించడం, ఒకడు చూస్తాడు ఒకడు చూడడు.

ఎపిసోడ్ 80లో పెద్దకోడలికి బీరువా సర్దుతుంటే తాకట్టు కాగితం దొరుకుతుంది. సంతకం ముద్దుగా, గుండ్రంగా ఉంటుంది. కింద తేదీ. ఆవిడ కాగితం పట్టుకుని హాల్లోకి వస్తుంది, ఫ్యాన్ వెయ్యబోయి ఆగిపోతుంది, ఫోటో కింద మూల కెమెరా వేసిన తేదీ కనిపిస్తుంది. కాగితం మీద తేదీకి ఇది ఒక్క రోజు ముందు. దగ్గరికెళ్ళి చూస్తుంది. తండ్రి ఎడమ చెయ్యి కొడుకు భుజం మీద ఉంది, మరి కుడి చెయ్యి? ఇన్నాళ్ళూ శాలువా కింద ఉందని అందరూ అనుకున్నది శాలువా కాదు, మెడకి వేలాడదీసిన గుడ్డలో పిండికట్టు. కుడిచేతి వేళ్ళ దాకా కట్టు. ఆ చేత్తో మర్నాడు సంతకం ఎలా పెట్టాడు?

ఆవిడ చూస్తున్నంతసేపూ ఒక్క డైలాగ్ కూడా రాయొద్దు. కాగితం, ఫోటో, ఆవిడ మొహం, మళ్ళీ ఫోటో. వెనక నుంచి అత్తగారు "ఏంటమ్మా చూస్తున్నావు" అంటే ఆవిడ కాగితం కొంగులో దాచుకుని "ఏం లేదత్తయ్యా, దుమ్ము పట్టింది" అంటూ చీర చెంగుతోనే అద్దం తుడుస్తుంది. అక్కడ ఎపిసోడ్ ఫ్రీజ్ చెయ్యండి, అత్తగారి మొహం మీద, కోడలి మొహం మీద కాదు. ఎందుకంటే చూసేవాళ్ళకి అత్తగారి సంగతి తెలుసు, కోడలు ఎంత చూసింది అనేది ఆవిడకి తెలియదు, ఆ భయం రేపటి ఎపిసోడ్.

దీనికి ఒక ప్రాక్టికల్ సంగతి కూడా ఉంది, ఈ ఫోటో మొదటి రోజు షూట్‌కే తయారుగా ఉండాలి. ఎపిసోడ్ 80కి వచ్చాక ఆర్ట్ డిపార్ట్‌మెంట్ వాళ్ళని అడిగితే అప్పటిదాకా గోడ మీద వేరే ఫోటో వేలాడి ఉంటుంది. ముందే తీయించి, కంటిన్యుటీ, అంటే సీన్‌కీ సీన్‌కీ తేడా రాకుండా, చూసే అబ్బాయి ఫోన్లో దాని స్టిల్ ఒకటి, ఏ గోడ ఏ ఎత్తు అనే దానితో సహా పెట్టించండి. తండ్రి పాత్ర చేసిన ఆర్టిస్ట్ ఒక్క రోజు డేటే ఇచ్చి ఉంటాడు, ఆ రోజే ఇవన్నీ అయిపోవాలి.

మోసం చెయ్యకుండా సాగదియ్యడం

"అసలు విషయం ఏంటంటే..." అనగానే ఫోన్ మోగడం, తలుపు కొట్టడం, కళ్ళు తిరిగి పడిపోవడం, దయచేసి ఇవి మానెయ్యండి. ఒకసారి వాడితే సరే, నాలుగోసారి జనం మీ మీద కోపం తెచ్చుకుంటారు, పాత్ర మీద కాదు. చెప్పబోయిన మనిషి చెప్పకుండా ఆగాలంటే బయటి నుంచి కాదు లోపలి నుంచి ఆగాలి.

తల్లి నిజం చెప్పేద్దామని పెద్దకొడుకు గదికి వెళ్తుంది అనుకోండి. వాడు ఆ రోజే అప్పులో ఆఖరి పెద్ద వాయిదా కట్టి వచ్చాడు, ఎప్పుడూ లేనిది నవ్వుతున్నాడు. "అమ్మా, ఇంకో రెండేళ్ళు, అయిపోతుంది. ఆయన్ని క్షమించేస్తానేమో అప్పటికి" అంటాడు. ఇప్పుడు ఆవిడ ఎలా చెప్తుంది? చెప్పలేదు. ఫోన్ మోగక్కర్లేదు. ఆవిడ ఏమీ అనకుండా దుప్పటి సర్ది బయటికొచ్చేస్తుంది, జనం కూడా చెప్పొద్దమ్మా అనుకుంటారు, అంటే ఇప్పుడు వాళ్ళు కూడా మీతో పాటు దాస్తున్నారు. సాగదియ్యడం అంటే ఇది. గుట్టు రావడం లేటవ్వకూడదు, వచ్చే ప్రతిసారీ దాని ధర పెరగాలి.

ఇంకో పద్ధతి, ముక్కలు ముక్కలుగా వదలడం. నిజాన్ని నాలుగు ముక్కలు చెయ్యండి, మన కథలో అయితే అప్పు తండ్రిది కాదు, సంతకం దొంగది, పెట్టింది తల్లి, సాక్షి మేనమామ. రెండు నెలలకో ముక్క ఎవరో ఒకరికి దొరకాలి. ఏ ముక్కా ఇద్దరికి ఒకేసారి దొరక్కూడదు. ముక్క దొరికిన ప్రతిసారీ గొడవలో ఎవరు ఎవరి పక్కన నిలబడ్డారనేది మారాలి, మారకపోతే ఆ ముక్క వృథా.

పిలుపుల్లో పగ

మన భాషలో ఉన్న గొప్ప ఆయుధం ఇది, ఎందుకో చాలామంది వాడరు. కోపం చూపించడానికి పేజీలు పేజీలు శాపనార్థాలు రాయక్కర్లేదు, పిలుపు మారిస్తే చాలు. నిన్నటిదాకా "అక్కా" అని పిలిచిన తోడికోడలు ఇవాళ అందరి ముందూ "మీరు చెప్పండి" అంటే, ఆ 'మీరు' చెంపదెబ్బ కంటే గట్టిగా తగులుతుంది. "అన్నయ్యా" పోయి "ఆయన" వస్తుంది, "మా ఇల్లు" పోయి "మీ ఇల్లు" వస్తుంది. ఏ ఎపిసోడ్‌లో ఎవరు ఎవర్ని ఎలా పిలుస్తున్నారో కూడా నేను ఆ నోట్‌బుక్‌లోనే రాసుకుంటా.

కాగితం దొరికాక పెద్దకోడలికి, మరిదికి మధ్య నేను రాసే సీన్ ఇలా ఉంటుంది.

"వదినా, కాఫీ."

"పెడతాను, కూర్చోండి."

"కూర్చోండా? నన్నే?"

"ఇంకెవరున్నారు ఇక్కడ."

"ఎప్పుడూ ఒరేయ్ అంటావు కదా నన్ను."

"చిన్నపిల్లాడివనుకుని అనేదాన్ని."

అంతే. కాగితం మాట రాలేదు, అప్పు మాట రాలేదు. ఆ పిల్లాడికి ఏదో తెగిందని అర్థమైంది, ఏం తెగిందో తెలియదు. గుట్టు ఉన్న ఇంట్లో మాటలు ఇలాగే ఉంటాయి, గుట్టు తప్ప అన్నీ మాట్లాడుకుంటారు. ఒక పాత్ర ఒంటరిగా నిలబడి తన రహస్యం మొత్తం పైకి చెప్పుకునే సీన్ రాయాలనిపిస్తే ఆగండి, అదే విషయం ఇంకో మనిషి ముందు చెప్పకుండా తంటాలు పడేలా రాయొచ్చేమో చూడండి, దాదాపు ఎప్పుడూ రాయొచ్చు.

విలన్ గురించి రెండు మాటలే. ఛానల్ వాళ్ళు ఒక విలన్ కావాలంటారు, టీఆర్పీ తగ్గిన వారం ఇంకా గట్టిగా అంటారు. ఇవ్వండి, కానీ ఆ మనిషికి కూడా చెప్పుకోదగ్గ నొప్పి ఒకటి ఇవ్వండి. మన కథలో చిన్నకోడల్ని విలన్ చెయ్యమంటే నేను చేస్తా, ఆవిడ తన మొగుడికి జరిగిన అవమానానికి తిరగబడుతోంది, ఆవిడ పేజీ చదివితే న్యాయంగానే ఉండాలి.

బయటపడే వారం

బయటపడేటప్పుడు అందర్నీ హాల్లో నిలబెట్టి ఒకరు చదివి వినిపించడం, మిగతావాళ్ళ మొహాల మీద మూడేసి సార్లు ఉరుములు, ఇది అందరూ చేసేదే. నేను ముందు తేల్చుకునేది వినే వరస. ఎవరు ముందు వింటారు, ఎవరు ఆఖర్న. ఎక్కువ నష్టపోయే మనిషి ఆఖర్న వినాలి, అది కూడా చెప్పకూడని మనిషి నోటి నుంచి.

మన కథలో ముందు చిన్నవాడు తెలుసుకుంటాడు. వాడికి తెలియగానే వాడు కూడా దాచేవాళ్ళ జాబితాలో చేరతాడు, ఎందుకంటే తన చదువు ఖరీదు అన్న బతుకు అని తెలిసి తలెత్తలేడు. ప్రెస్ అమ్మకం కాగితాలు చింపేస్తాడు, కారణం చెప్పడు, పెద్దవాడు ఇంకేదో ఎత్తు వేస్తున్నాడనుకుని తమ్ముడి మీద చెయ్యెత్తుతాడు. అప్పుడు తల్లి మధ్యలోకొచ్చి చెప్తుంది. పిల్లలిద్దరూ కొట్టుకోవడం ఆపడానికి దాచింది, ఇప్పుడు అదే ఆపడానికి చెప్పేసింది. ఆవిడ దాచిన కారణమూ చెప్పిన కారణమూ ఒక్కటే అయినప్పుడు సీన్ నిలబడుతుంది. మీ కథలో కూడా ఈ రెండు కారణాలూ పక్కపక్కన పెట్టి చూడండి.

బయటపడిన మర్నాడే అందరూ కలిసిపోతే అన్ని నెలల బరువూ అబద్ధం అయిపోతుంది. కనీసం నాలుగు వారాలు ఉంచుకోండి, పెద్దవాడు తల్లితో మాట్లాడని వారం, ఇన్నేళ్ళు తిట్టిన తండ్రి గురించి వాడికి ఏం చెయ్యాలో తెలియని వారం, మేనమామ సంతకం తేలే వారం, పెద్దకోడలు మరిదిని అనుమానించానని ఒప్పుకునే వారం. నిజం చెప్పాలంటే నా ఉద్దేశంలో సీరియల్ మొత్తంలో బెస్ట్ ఎపిసోడ్లు ఇక్కడే వస్తాయి, చాలామంది ఇక్కడే లీప్ వేసి, అంటే కథని కొన్నేళ్ళు ముందుకి దూకించి, చేతులు దులుపుకుంటారు.

ఒక్క పని మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ చెయ్యొద్దు, జరిగింది జరగలేదని చెప్పడం. డాలస్ వాళ్ళే 1986లో చేశారు, జే.ఆర్. తమ్ముడు కథలో చచ్చిపోయాడు, ఆ పాత్ర చేసిన నటుడు తిరిగి రావాలని, అతను లేకుండా నడిచిన ఒక పూర్తి సీజన్‌ని ఆ తమ్ముడి మాజీ భార్య కన్న కలగా తేల్చేశారు. ఏడాది పాటు ఏడ్చినవాళ్ళ ఏడుపు ఏమైపోవాలి? ఆర్టిస్ట్ డేట్స్ ఇబ్బందులు అందరికీ వస్తాయి, నాకూ వచ్చాయి, పాత్రని ఊరు పంపండి, నటుణ్ణి మార్చండి, ప్రేక్షకులు సర్దుకుంటారు. వాళ్ళు చూసి నమ్మినదాన్ని మాత్రం వెనక్కి లాక్కోకండి.

ఆఖర్న ఆ ఫోటో సంగతి. బయటపడ్డాక గోడ మీద నుంచి దాన్ని పెద్దవాడి చేత తీయించండి. అందరూ పగలగొడతాడేమో అనుకుంటారు. వాడు దాన్ని ప్రెస్‌కి తీసుకెళ్ళి తన టేబుల్ ఎదురుగా పెట్టుకుంటాడు, పదిహేనేళ్ళలో మొదటిసారి తండ్రి మొహం సరిగ్గా చూస్తాడు. ఇంట్లో హాల్లో ఆ చోట ఏమీ పెట్టొద్దని, రంగు వెలవని ఆ చదరం అలాగే కనిపించాలని ఆర్ట్ డిపార్ట్‌మెంట్‌కి ముందే చెప్పి ఉంచండి. తల్లి రోజూ దాని ముందు నుంచే నడవాలి.